కలమళ్ల థర్మల్ కేంద్రం: బొగ్గు, అప్పు, దూరం

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల పేరు చరిత్ర చదువుకున్నవాళ్లకు శాసనం వల్ల తెలుసు. అక్కడి గుడిలో దొరికిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని, తెలుగులో మనకు మిగిలిన తొలి శాసనం అదేనని పండితుల లెక్క. మిగతావాళ్లకు ఆ ఊరు ఆర్టీపీపీ వల్ల తెలుసు. గుంతకల్లు నుంచి రేణిగుంట వెళ్లే రైల్లో ముద్దనూరు దాటగానే చిమ్నీలు కనిపించేది ఆ రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టువే. 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు. మొదటి యూనిట్ 1994లో వచ్చింది, రెండోది 1995లో. మూడు, నాలుగు యూనిట్లు 2007 నాటికి గానీ రాలేదు. 2011 నాటికి ఐదోది అందింది. ఆరోది 2018 మార్చి దాకా ఆగింది.

రెండు యూనిట్లు కట్టాక పన్నెండేళ్లు ఆగడం, ఐదు కట్టాక మళ్లీ ఏడేళ్లు ఆగడం ఒక ఇంజనీరింగ్ పని నడకలా కనిపించదు. ఆ ఆగిన కాలాల్లో డబ్బు ఎక్కడుంది, ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎవరికి బాకీ పడ్డారు అన్నది చూస్తేనే ఈ కేంద్రం చరిత్ర అర్థమవుతుంది. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బొగ్గు లేనిచోట, నీళ్లు చాలనిచోట, రేవుకు దూరంగా ఉన్నచోట బొగ్గు కరెంటు కేంద్రం ఎందుకు పెట్టారు?

ఉమ్మడి రాష్ట్రంలో బొగ్గంతా గోదావరి లోయలోనే ఉంది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు థర్మల్ కేంద్రాలను సహజంగానే ఆ బొగ్గు వెంబడే కట్టుకుంటూ పోయింది. 1966లో కొత్తగూడెం, 1971లో రామగుండం. 1979లో మొదలైన విజయవాడ కేంద్రం గనుల పక్కన లేకపోయినా సింగరేణికి రైలు దూరం తక్కువ, కృష్ణ నీళ్లు పక్కనే. రాయలసీమ వంతుకు వచ్చింది శ్రీశైలం. ఆ జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలు మునిగాయి. 1981లో ఇళ్లను పడగొట్టించి మరీ ఖాళీ చేయించిన సంగతి నందికొట్కూరు, ఆత్మకూరు వైపు పెద్దవాళ్లకు ఇప్పటికీ జ్ఞాపకమే. కుడిగట్టున 770 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం లేచింది. దాని కరెంటు రాష్ట్రమంతటికీ పోయింది. సీమ మాత్రం తీగల చివర ఉండిపోయింది.

తీగల చివర ఉండటమంటే ఏమిటో బోరుబావుల రైతుకు బాగా తెలుసు. వర్షం తక్కువ, కాలువలు తక్కువ. పంట నిలవాలంటే భూమి లోపలి నీళ్లు పైకి రావాలి, అంటే మోటారు తిరగాలి. ఒకే ఫీడరు మీద అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే చివరి ఊళ్లకు ఓల్టేజి చేరదు. ఓల్టేజి పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చుట్ట వేడెక్కుతుంది, కాలిపోతుంది. కాలిన మోటారును బావిలోంచి పైకి తీసి, బండికెత్తి, వైండింగ్‌కు ప్రొద్దుటూరో జమ్మలమడుగో తీసుకుపోవాలి. అది తిరిగొచ్చేలోపు వేరుశనగ చేను వాడిపోతుంది. ఉత్పత్తి కేంద్రం దగ్గర్లో ఉంటే ఆ ప్రాంతపు ఓల్టేజి నిలబడుతుందని, దూరపు లైన్లలో నష్టం తగ్గుతుందని ఇంజనీర్లు చెప్పిన మాట నిజం. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నుంచి సీమ నాయకులు అడుగుతూ వచ్చిన ప్రాంతీయ వాటా సంగతి రాజకీయ కారణం. ఈ రెండూ కలిసి కేంద్రాన్ని కలమళ్లకు తెచ్చాయి. మద్రాసు–బొంబాయి రైలు మార్గం పక్కనే ఉండటం, పెన్న మీద మైలవరం జలాశయం చేరువలో ఉండటం దానికి తోడయ్యాయి.

ఆ నిర్ణయం తప్పని నేను అనుకోను. కాని దానికొక ఖరీదు ఉంది. బొగ్గును వందల కిలోమీటర్లు మోసుకురావడమే ఆ ఖరీదు. అది ప్రాంతీయ న్యాయం కోసం పెట్టే ఖర్చు గనుక దాన్ని ఎవరు భరించాలో నిర్ణయం జరిగిన రోజునే తేల్చి ఉండాల్సింది. ఖజానా భరిస్తుందా, రాష్ట్రంలోని వినియోగదారులందరూ పంచుకుంటారా, లేక ఆ కేంద్రమే తన లెక్కల్లో మోయాలా? బోర్డు కాలంలో ఈ ప్రశ్న బయటపడలేదు. అన్ని కేంద్రాలూ బోర్డువే, కరెంటంతా ఒకే కుండలో పడేది, ధర ఒకటే. ఏ కేంద్రం కరెంటు ఎంతకు పడుతోందో వినియోగదారుడికే కాదు, శాసనసభ్యుడికి కూడా కనిపించే అవసరం లేకపోయింది.

మొదటి దశకు డబ్బు బయటి నుంచి దొరికింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పిచ్చింది. ఆ బ్యాంకు నుంచి భారతదేశం అప్పు తీసుకోవడం మొదలుపెట్టింది 1986లోనే కనుక, దేశ విద్యుత్ రంగానికి అది ఇచ్చిన తొలి అప్పుల్లో కలమళ్ల అప్పు ఒకటి. ఆ రోజుల్లో విదేశీ అప్పు కేంద్ర ప్రభుత్వం పేరున వచ్చేది. రాష్ట్రానికి రూపాయల్లో అందేది, మారకపు రేటు ఆటుపోట్లు కేంద్రం భరించేది. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించినప్పుడు ఈ ఏర్పాటు రాష్ట్రాలను ఎంత కాచిందో తలుచుకుంటే, తర్వాతి కాలంలో ప్రైవేటు కంపెనీలు డాలర్లలో హామీలు ఎందుకు అడిగాయో తెలుస్తుంది. ఏమైతేనేం, దేశం చెల్లింపుల సంక్షోభంలో ఉన్న రోజుల్లో కూడా కలమళ్లలో పని సాగింది. రెండు యూనిట్లూ 1995 నాటికి గ్రిడ్‌కు కలిశాయి.

అదే సమయంలో రాష్ట్రంలో ఇంకో దారి తెరిచారు. 1991లో విద్యుదుత్పత్తిని ప్రైవేటుకు తెరిచాక కేంద్రం ఎనిమిది ప్రాజెక్టులను త్వరిత పట్టాలకెక్కించి, వాటి బకాయిలకు తానే ప్రతి హామీ ఉంటానంది. మహారాష్ట్రలోని ఎన్రాన్ వారి దభోల్ అందులో పేరు మోసింది. మన రాష్ట్రానివి అందులో మూడున్నాయి. జేగురుపాడు, కాకినాడల్లోవి గ్యాసుతో నడిచేవి కనుక త్వరగానే లేచాయి. బొగ్గుతో నడవాల్సిన మూడోది విశాఖలో హిందూజాల 1,040 మెగావాట్ల కేంద్రం. 1990ల మొదట్లో కాగితాలు మొదలైన ఆ కేంద్రం ఉత్పత్తికి వచ్చేసరికి 2016 అయింది. హామీలు, ఇంధన ఒప్పందాలు, అప్పుల ముడి, కోర్టులు అన్నీ కలిసి దాన్ని రెండు దశాబ్దాలకు పైగా ఆపాయి. ప్రభుత్వ బోర్డు చేతగానిదని, ప్రైవేటు వేగమని అప్పట్లో చాలామంది నమ్మారు. బొగ్గు కేంద్రాల వరకు చరిత్ర చూపించేది వేరు: నష్టాల్లో ఉన్న బోర్డే కలమళ్లలో తన రెండు యూనిట్లనూ పూర్తిచేసింది.

అయితే ఆ బోర్డు అక్కడితో ఆగిపోయింది. రెండో దశకు స్థలం ఉంది, రైలు ఉంది, నీటి ఏర్పాటు ఉంది, డబ్బు లేదు. చట్టం ప్రకారం బోర్డు తన ఆస్తుల మీద ఏటా 3 శాతం మిగులు చూపించాలి. ఆ మిగులు చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం రాసిచ్చే సబ్సిడీ అంకెగానే ఉండేది, చేతికి వచ్చే నగదుగా కాదు. కాగితం మీద మిగులున్న సంస్థకు పెట్టుబడి పుట్టదు. 1998లో రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండు ముక్కలై ఏపీ జెన్‌కో, ఏపీ ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. తర్వాత పంపిణీకి వేరే కంపెనీలు వచ్చాయి. ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్లతో మొదటి విడత అప్పు మంజూరు చేసింది. 2000లో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. సంస్కరణ అన్న మాటకు తెలుగు రాజకీయాల్లో అప్పుడు పట్టిన రక్తపు మరక ఇంకా పోలేదు.

కలమళ్లకు సంబంధించినంత వరకు 1999 విభజన చేసిన అసలు పని వేరు. అంతవరకు ఒకే కుండలో పడిన కరెంటుకు ఇప్పుడు అమ్మేవాడు, కొనేవాడు ఏర్పడ్డారు. జెన్‌కో అమ్మాలి, పంపిణీ సంస్థ కొనాలి, నియంత్రణ మండలి ధర తేల్చాలి. ఆ ధరలో రెండు భాగాలుంటాయి. కేంద్రం కట్టిన అప్పు, వడ్డీ, తరుగుదల, జీతాలు, పెట్టుబడి మీద రాబడి కలిసి స్థిర చార్జీ. కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకున్నా ఇది చెల్లించాలి. బొగ్గు ఖర్చు చర చార్జీ, తీసుకున్న యూనిట్లకే కడతారు. ఏ పూట ఏ కేంద్రాన్ని నడపాలో రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం చర చార్జీ చూసి నిర్ణయిస్తుంది. బొగ్గు ఖర్చు తక్కువున్నదాన్ని ముందు పిలుస్తారు, ఎక్కువున్నదాన్ని చివర పిలుస్తారు. దీన్నే మెరిట్ ఆర్డర్ అంటారు. ఈ పద్ధతిలో కలమళ్ల ఎప్పుడూ వరస చివరే ఉంటుంది. అక్కడి ఇంజనీర్లు ఎంత పొదుపుగా బాయిలరు నడిపినా రైలు దూరం తగ్గదు కదా.

ఆ దూరం ఎంతో చూద్దాం. సింగరేణి గనుల నుంచి వచ్చే బొగ్గు విజయవాడ, గూడూరు, రేణిగుంట మీదుగా తిరిగి వస్తే 800 కిలోమీటర్లకు అటూఇటూ. ఒడిశా తాల్చేరు నుంచైతే వెయ్యి దాటుతుంది. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 2016లో పూర్తయ్యాక ఆంధ్ర మీదుగా అడ్డదారి ఒకటి దొరికింది. ఒక ర్యాకులో 58 వ్యాగన్ల దాకా ఉంటాయి, దాదాపు 4,000 టన్నులు. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఆరు యూనిట్లూ కలిసి రోజుకు పాతిక వేల టన్నుల బొగ్గు తింటాయి. అంటే ఆరు ర్యాకులకు పైగా రావాలి, ఖాళీ ర్యాకులు అంతే వేగంగా వెనక్కి పోవాలి. యార్డులో వ్యాగన్ టిప్లర్ ఒక్కో వ్యాగన్‌ను ఇనుప చేతులతో పట్టి, పట్టాలతో సహా పక్కకు తిప్పి, కిందున్న తొట్టిలోకి కుమ్మరిస్తుంది. వానాకాలంలో తడిసిన బొగ్గు వ్యాగన్ అడుగున అంటుకుపోతే కూలీలు గడ్డపారలతో కొట్టి రాల్చాలి. ర్యాకు నిర్ణీత గంటలు దాటి నిలిస్తే రైల్వేకు డెమరేజి కట్టాలి. ఆ బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. అంటే ప్రతి మూడు వ్యాగన్లలో ఒకటి, గోదావరి లోయ నుంచి పెన్న లోయ దాకా, మండని మట్టినే మోసుకొస్తుంది. ఆ మట్టికి కూడా కిరాయి కట్టాలి.

2004 తర్వాత పరిస్థితి కదిలింది. ఆ ఏడాది మే 14న ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేసిన మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద. ఉచితంగా ఇవ్వాలంటే ముందు కరెంటు ఉండాలి. ఆయనది కడప జిల్లా కావడం, ఆర్టీపీపీ విస్తరణ ఊపందుకోవడం రెండూ ఒకే కాలంలో జరిగాయి. భెల్ యంత్రాలతో రెండో దశ 2007లో, మూడో దశ 2011 నాటికి అందాయి. అప్పటికి విదేశీ బ్యాంకుల స్థానంలో పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ వంటి కేంద్ర ఆర్థిక సంస్థలు రాష్ట్ర జెన్‌కోలకు ప్రధాన రుణదాతలయ్యాయి. ఇవి త్వరగా అప్పిస్తాయి, వడ్డీ మార్కెట్ రేటుకు దగ్గరగా ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వ హామీ అడుగుతాయి. అభివృద్ధి బ్యాంకు అప్పులో ఉండే దీర్ఘకాలపు వెసులుబాటు వీటిలో అంతగా ఉండదు. కేంద్రం ఆలస్యమైతే ఆ తేడా కోట్లలో తేలుతుంది.

ఆరో యూనిట్‌లో తేలింది అదే. అప్పటిదాకా ఉన్న 210 మెగావాట్ల యూనిట్ల పక్కన ఒకేసారి 600 మెగావాట్లది తలపెట్టారు. ప్రధాన యంత్రాలు భెల్‌వే. దశాబ్దం మొదట్లో పని మొదలైతే నాలుగేళ్లలో అందాల్సిన యూనిట్ 2018 మార్చికి గ్రిడ్ కలిసింది. నిర్మాణకాలపు వడ్డీ ఎలా పెరుగుతుందో చెప్పడానికి ఒక చిన్న లెక్క చాలు. వంద కోట్లు ఏటా 11 శాతం వడ్డీకి తెచ్చి, వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే నాలుగేళ్లకు 152 కోట్లు, ఎనిమిదేళ్లకు 230 కోట్లు అవుతుంది. నిజానికి అప్పు ఒకేసారి తీసుకోరు, విడతలుగా తీసుకుంటారు కనుక పెరుగుదల ఇంత ఉండదు. దిశ మాత్రం ఇదే. ఒక్క యూనిట్ కరెంటు పుట్టకముందే దాని ధరలో ఆలస్యం కూర్చుంటుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు స్థిర చార్జీ రూపంలో దాన్ని వినియోగదారుడే తీరుస్తాడు.

ఆలస్యం మధ్యలో రాష్ట్రమే రెండుగా చీలింది. 2014 జూన్ 2 తర్వాత కలమళ్ల ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది, సింగరేణి తెలంగాణకు వెళ్లింది. ఒకే ప్రభుత్వం కింద బొగ్గు తవ్వి, మోసి, మండించిన వ్యవస్థలో ఇప్పుడు బొగ్గు అమ్మేది ఒక రాష్ట్రపు సంస్థ, కొనేది ఇంకో రాష్ట్రపు సంస్థ. కరెంటు మాత్రం పునర్విభజన ఏర్పాటు ప్రకారం తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రకు 46.11 శాతం లెక్కన పంచుకోవాలి. మూడేళ్లు ఏపీ జెన్‌కో తెలంగాణకు కరెంటు ఇచ్చింది. బకాయిలు పేరుకున్నాయని 2017 జూన్‌లో ఆపేసింది. ఇరువైపులా ఎదురు లెక్కలు చూపించారు. 2022 ఆగస్టులో కేంద్ర విద్యుత్ శాఖ అసలు 3,441.78 కోట్లు, ఆలస్య రుసుము 3,315.14 కోట్లు ఏపీకి చెల్లించమని తెలంగాణను ఆదేశించింది. 2023లో తెలంగాణ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఈ వివాదంలో ఎవరిది న్యాయమన్నది ఇక్కడి విషయం కాదు. ఒక జెన్‌కోకు రావాల్సిన డబ్బు అంత పెద్ద మొత్తంలో ఇరుక్కుపోతే అది బొగ్గుకు ముందస్తు చెల్లించలేదు, గుత్తేదారుకు బిల్లు ఇవ్వలేదు, అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తుంది. ఆరో యూనిట్ కట్టుబడి చివరి నాలుగేళ్లూ ఈ వాతావరణంలోనే సాగాయి.

దాన్ని పూర్తిచేసే నాటికి పక్కనే కొత్త పోటీ మొలిచింది. కర్నూలు జిల్లా గని, శకునాల భూముల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో సిద్ధమైంది. అందులో 500 మెగావాట్లకు 2015 నవంబరులో ఎన్టీపీసీ పెట్టిన వేలంలో సన్‌ఎడిసన్ అనే అమెరికా కంపెనీ యూనిట్ 4 రూపాయల 63 పైసలకు ఇస్తానని గెలిచింది. అప్పటికి దేశంలో అదే తక్కువ. ఐదు నెలలు గడిచాక ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో దివాలా తీసింది. దాని భారతీయ ఆస్తులు గ్రీన్‌కో చేతికొచ్చాయి. 2017 ఏప్రిల్‌లో కడప సౌర పార్కులో 250 మెగావాట్ల వేలంలో ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. సీమ ఎండ ఇంతకాలం కరవుకు గుర్తు. ఇప్పుడది పెట్టుబడిని పిలిచింది. అయితే సౌర విద్యుత్తుకు బొగ్గు ఖర్చు లేదు, చట్టం ప్రకారం దాన్ని తప్పక తీసుకోవాలి. దాంతో పగటిపూట వరస చివర ఉన్న కలమళ్లకు పిలుపు ఇంకా తగ్గింది. 2019, 2020ల్లో యూనిట్లు వారాల తరబడి రిజర్వ్ షట్‌డౌన్‌లో ఉన్నాయి. నడవని కేంద్రానికీ స్థిర చార్జీ కట్టాల్సిందే. కట్టాల్సిన పంపిణీ సంస్థ దగ్గర డబ్బు లేదు కనుక కాగితం మీద అది బాకీగా పెరుగుతుంది.

ఈ రెండు జిల్లాలకు ఇలాంటి లెక్క కొత్త కాదు. నూటయాభై ఏళ్ల కిందట కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. లండన్‌లో పోగుచేసిన పది లక్షల పౌన్ల మూలధనానికి ప్రభుత్వం 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. కాలువ నడిచినా నడవకపోయినా వాటాదారుకు వడ్డీ వస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట కట్టి, మూడు వందల కిలోమీటర్ల దాకా కాలువ తెచ్చారు. అనుకున్నదానికి మించి ఖర్చయింది. ప్రభుత్వమే ఇంకా అప్పిచ్చింది. తీరా నీళ్లు సిద్ధంగా ఉంటే, నల్లరేగడి రైతు వాటిని కొని మడి పెట్టడానికి తొందరపడలేదు. 1882లో ప్రభుత్వం కంపెనీని కొనేసింది. ఆ కాలువే తర్వాత నంద్యాల, ప్రొద్దుటూరు వైపు వరి పొలాలకు ప్రాణమైంది. పెట్టుబడికి హామీ ఉంది, వాడకానికి లేదు. కంపెనీ లెక్కల్లో మునిగినదే ప్రాంతపు లెక్కల్లో నిలబడింది. కలమళ్లను చూసినప్పుడల్లా కె.సి. కాలువ గుర్తుకు రావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

2021 అక్టోబరులో లెక్క తిరగబడింది. కరోనా తర్వాత దేశమంతా వాడకం పెరిగింది, గనుల్లో నిల్వలు పడిపోయాయి, విదేశీ బొగ్గు ధర మండింది. మూలనపడేశామనుకున్న యూనిట్లు కావాల్సి వచ్చాయి. వాటి యార్డుల్లో బొగ్గు లేదు. రాష్ట్ర థర్మల్ కేంద్రాలకు రోజుకు 20 ర్యాకులు కావాలని ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ప్రధానమంత్రికి లేఖ రాశారు. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. రెండేళ్ల కిందట ఎక్కువైందన్న కరెంటు చాలకుండా పోయింది. నడపని కేంద్రానికి ముందుగా బొగ్గు కొని పెట్టుకోవడానికి డబ్బు ఎవరిస్తారు? ఇవ్వకపోతే అవసరం పడ్డ రోజున అది ఎలా లేస్తుంది? మెరిట్ ఆర్డర్‌లో ఈ ప్రశ్నకు చోటు లేదు.

2021లోనే ఇంటింటికీ ఆ లెక్క ఇంకో పేరుతో చేరింది. 2014 నుంచి 2019 దాకా పంపిణీ సంస్థలకు అనుకున్నదానికన్నా ఎక్కువైన ఖర్చు కింద 3,669 కోట్లు వసూలు చేసుకోవచ్చని నియంత్రణ మండలి 2021 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. నెలవారీ బిల్లులో ట్రూ అప్ అనే కొత్త వరస కనిపించింది. ఐదేళ్ల కిందట వాడిన కరెంటుకు ఇప్పుడు కట్టమంటున్నారని జనం నిలదీశారు. ఆ ఇల్లు అప్పట్లో వేరేవాళ్లు అద్దెకున్న ఇల్లు కావచ్చు. ఆ ఉత్తర్వును మండలి వెనక్కి తీసుకుని మళ్లీ విచారించాల్సి వచ్చింది. కలమళ్ల గురించి 1980ల్లో రాయకుండా వదిలేసిన వాక్యం, అంటే దూరపు ఖర్చు ఎవరిదన్న వాక్యం, ఇలాంటి వరసల్లో ముక్కలు ముక్కలుగా రాసి ఉంటుంది. చదవగలిగినవాళ్లు మాత్రం తక్కువ.

స్థానికంగా కేంద్రం వల్ల వచ్చినవి, పోయినవి కలిసే ఉన్నాయి. వేల కుటుంబాలు ప్రత్యక్షంగానో కాంట్రాక్టు పనిలోనో దాని మీద బతికాయి. యూనిట్లు ఆగితే ముందు పని పోయేది కాంట్రాక్టు కూలీకే. మైలవరం నీళ్లు చాలనప్పుడు బ్రహ్మంసాగర్ మీద ఆధారపడాల్సి వచ్చింది. కరవు ఏడాది ఆ నీళ్ల మీద ఆయకట్టు రైతుకూ హక్కుంది. ఎండాకాలపు గాలికి బూడిద చెరువు పైపొర లేచి ఇళ్ల మీద, చేల మీద పడుతుంది. ఇంకోవైపు ఎర్రగుంట్ల, చిలంకూరు చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకు అదే బూడిద ముడిసరుకు. సున్నపురాయి ఇక్కడే దొరికే నేలలో అది విలువైన వస్తువైంది. ఎంత విలువైందంటే 2024 నవంబరులో బూడిద రవాణా ఎవరి లారీలు చేయాలన్నదాని మీద జమ్మలమడుగు, తాడిపత్రి నాయకుల మధ్య తగవు ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. కేంద్రం ఆదాయంలో దాని వాటా చిన్నది. రాజకీయంలో పెద్దది.

ఇదే కాలంలో బొగ్గును సముద్రం మీద తేవచ్చన్న ఆశతో తీరానికి మళ్లిన రాష్ట్రం కూడా సుఖపడలేదు. 2007లో యూనిట్‌కు 2 రూపాయల 33 పైసలకు రిలయన్స్ పవర్ గెలుచుకున్న కృష్ణపట్నం అల్ట్రా మెగా ప్రాజెక్టు, ఇండోనేషియా బొగ్గు ధరల నిబంధన మార్చడంతో 2011లో ఆగిపోయింది. సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న థర్మల్ కేంద్రాలను వ్యతిరేకించిన జనం మీద కాల్పుల్లో మనుషులు పోయారు. కృష్ణపట్నం దగ్గరే జర్మనీ అభివృద్ధి బ్యాంకు అప్పుతో జెన్‌కో అనుబంధ సంస్థ కట్టిన దామోదరం సంజీవయ్య కేంద్రం ఉద్యోగుల నిరసనల మధ్య లీజు ప్రతిపాదన దాకా వెళ్లింది. కర్నూలు జిల్లాలో పుట్టిన ముఖ్యమంత్రి పేరు పెట్టుకున్న ఆ కేంద్రం రేవు పక్కన ఉండి కూడా అప్పుల్లో పడింది. అంటే కలమళ్ల కష్టాలన్నిటికీ దూరమే కారణం కాదు. దూరం ఆ కష్టాలను పెంచింది.

ఇప్పుడు కలమళ్ల ముందు కొత్త పని ఉంది. మొదటి రెండు యూనిట్లకు ముప్పై ఏళ్లు దాటాయి. ఆరోదానికి ఇంకా అప్పు తీరాల్సిన వయసే. 2022 మేలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన పిన్నాపురం పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు కర్నూలు కొండల మీద పగటి సౌర కరెంటుతో నీళ్లు పైకెక్కించి సాయంత్రం కిందికి వదలడానికి ఉద్దేశించింది. అలాంటివి ఎన్ని వచ్చినా, సూర్యుడు దిగాక ఊళ్లలో దీపాలు, మోటార్లు ఒకేసారి వెలిగే గంటల్లో బొగ్గు కేంద్రమే లేవాలి. పగలు తగ్గి, సాయంత్రం పెరగాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో చేసిన నిబంధనలు బొగ్గు యూనిట్లు 55 శాతం భారానికి దిగి నడవగలగాలని, దశలవారీగా 40 శాతానికి దిగాలని చెప్తున్నాయి. స్థిరంగా నడవడానికి కట్టిన బాయిలరును రోజూ ఇలా ఎక్కించి దించితే గొట్టాలు త్వరగా అలసిపోతాయి, మరమ్మతు పెరుగుతుంది, యూనిట్‌కు పట్టే బొగ్గు పెరుగుతుంది, చమురు పోసి మంట నిలబెట్టాల్సి వస్తుంది. ఈ ఖర్చు సౌర విద్యుత్తుది అనాలా, బొగ్గు కేంద్రానిది అనాలా, సాయంత్రం ఫ్యాను వేసుకునే వినియోగదారుడిది అనాలా? ఇప్పుడున్న పద్ధతిలో అది మళ్లీ కలమళ్ల చర చార్జీలోనే చేరి, వరసలో దాన్ని ఇంకొంచెం వెనక్కి నెడుతుంది. ఈసారైనా నియంత్రణ మండలి ఆ ఖర్చుకు వేరే పద్దు తెరిచి, అది గ్రిడ్ అంతా పంచుకోవాల్సిన భారమని ఉత్తర్వులో రాయాలి. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ పంపిణీ సంస్థ వినియోగదారులు, అంటే కడప, కర్నూలు వాళ్లు కూడా, బహిరంగ విచారణల్లో అడగాల్సింది మొదట ఇదే.